బరంపురం డెవలప్‌మెంట్ ప్లాన్ మళ్లీ రాస్తే మన వీధుల తరఫున ఏం అడగాలి?

మగ్గం_ఇల్లు:

అందరికీ నమస్కారం. మాది బరంపురం, పాత ఊళ్లో బొడొ బజార్ వైపు నేతవాళ్ల వీధి. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మొన్న ఆదివారం మా వీధి పెద్దలూ కుర్రాళ్లూ కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఊరి డెవలప్‌మెంట్ ప్లాన్‌ని తిరగరాసే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అంతా అయిపోయాక ఆఫీసు ముందు నిలబడి గోల పెట్టడం కన్నా, మాకు ఏం కావాలో ఇప్పుడే కాగితం మీద పెట్టి అర్జీ ఇవ్వడం మంచిది కదా అని. రాసే పని నా మీద పడింది. నాకేమో ఇందులో ఓనమాలు కూడా రావు.

మా పరిస్థితి చెప్తాను. మా ఇల్లు ముందు 11 అడుగులు, లోపలికి దాదాపు 90 అడుగులు. రెండు పక్కలా గోడలు ఉమ్మడి. ముందు గదిలో నాన్న మగ్గం, వెనక మూడు వాటాలు. తమ్ముడు సూరత్‌లో ఉంటాడు, డబ్బు పంపిస్తున్నాడు, మేడ వేద్దామంటాడు. మేడకి పర్మిషన్ కోసం తిరిగితే చుట్టూ ఖాళీ వదలాలి అన్నారు. 11 అడుగుల్లో రెండు పక్కలా వదిలితే మిగిలేది నడవా! దానికి తోడు మా వీధి వెడల్పు చేస్తారని ఒక పుకారు పదేళ్లుగా తిరుగుతోంది, అది నిజమో కాదో ఎవరూ చెప్పరు, ఆ టెన్షన్‌తో ఎవరూ ఇల్లు బాగు చేయించుకోవడం లేదు.

ఇక బస్సు. మా వదిన మెడికల్ కాలేజీ దగ్గర పని చేస్తుంది. రెండు ఆటోలు మారాలి, రాత్రి డ్యూటీ అయితే ఆటోవాడు ఎంత అడిగితే అంత. మూడోది ఎండ. అమ్మకి డెబ్భై దాటాయి, వెనక వాటా మీద రేకులు. మే నెలలో రాత్రి పదకొండుకి కూడా ఆ గదిలో కూర్చోలేం. వానాకాలం వస్తే వీధి మొత్తం మోకాలి లోతు నీళ్లు.

ఇల్లు, బస్సు, ఎండావానా. ఈ మూడింటికీ మూడు అర్జీలు రాయాలా, ఒకటే రాయాలా? వీధి వెడల్పు సంగతి ఎలా తెలుసుకోవాలి? మా పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా చదవడం రాదు, తెలుగులో ఇస్తే తీసుకుంటారా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, దయచేసి.

పాత_ఓవర్సీర్:

బాబూ, మంచి పని మొదలుపెట్టారు. నేను ఈ శాఖలో కాదుగాని ఇంజినీరింగ్ పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి రిటైర్ అయ్యాను, ఇలాంటి కాగితాలు చాలా చూశాను. తెలిసింది చెప్తాను.

మన దగ్గర దీనికి ఆధారం 1982 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం. దాని కింద బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ ఊరు మొత్తానికి సమగ్ర డెవలప్‌మెంట్ ప్లాన్ తయారు చేస్తుంది, తరవాత ఒక్కో భాగానికి జోనల్ ప్లాన్ వేసుకోవచ్చు. మునిసిపల్ కార్పొరేషన్ వేరు, డెవలప్‌మెంట్ అథారిటీ వేరు. చాలామంది కార్పొరేటర్ దగ్గరికి వెళ్లి ఊరుకుంటారు, అర్జీ రెండు చోట్లా ఇవ్వాలి, రెండు చోట్లా రసీదు తీసుకోవాలి. ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలు అడిగి తీరాలి, అది చట్టంలోనే ఉంది. ఆ గడువు దాటితే మీరు చెప్పింది ఎంత న్యాయమైనా ఫైల్లోకి ఎక్కదు. అందుకే ముందే రాసి పెట్టుకోవడం తెలివైన పని.

ప్లాన్ అంటే రంగుల మ్యాప్ అనుకుంటారు జనం. పసుపు రంగు ఇళ్లు, నీలం వ్యాపారం, ఊదా పరిశ్రమ, పచ్చ పార్కులు. మీకు ప్రమాదం ఉన్నది ఇక్కడే. మీ వీధికి పసుపు రంగు వేశారనుకోండి, మీ నాన్నగారి మగ్గం ఏమవుతుంది? ఇంట్లో మగ్గం నడపడం ఇళ్ల జోన్‌లో అనుమతి ఉన్న పని అని నిబంధనల కాగితంలో రాసి ఉండాలి. మ్యాప్‌తో పాటు వచ్చే ఆ నిబంధనల పుస్తకం ఎవరూ తెరవరు, అసలు సంగతంతా అందులోనే ఉంటుంది. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది అని గర్వంగా చెప్పుకుంటాం, ఆ పట్టు నేసే గదికి ప్లాన్‌లో చోటు లేకపోతే ఆ గుర్తింపు ఎవరికి?

చుట్టూ ఖాళీ వదిలే విషయం. 2020లో రాష్ట్రమంతటికీ ఒకే రకం ప్లానింగ్, బిల్డింగ్ నిబంధనలు తెచ్చారు. ఊరి అంచున కొత్త లేఅవుట్‌లో ఆ లెక్కలు బాగుంటాయి. ఉమ్మడి గోడల మీద నిలబడ్డ పాత వీధికి వాటిని అలాగే పట్టుకొచ్చి పెడితే కుదరదు. మీరు అడగాల్సింది మినహాయింపు కాదు బాబూ. మినహాయింపు అంటే దయ చూపమని అడగడం. పాత ఊరిని ప్రత్యేక ప్రాంతంగా గుర్తించి దానికి విడిగా నిబంధనలు రాయమనండి. ఉమ్మడి గోడ ఉండొచ్చు, మధ్యలో వెలుతురుకీ గాలికీ ఇంత మండువా ఉండాలి, ఇన్ని అంతస్తులకి మించకూడదు అని. మన పాత ఇళ్లకి మధ్యలో ఆకాశం కనిపించే చోటు ఉండేది గుర్తుందా, దాన్ని చాలామంది రేకులతో మూసేశారు. మీ అమ్మగారి గది ఉడికిపోవడానికి సగం కారణం అదే అయి ఉంటుంది.

వీధి వెడల్పు పుకారు తేల్చుకోవడం తేలిక. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, 'ఫలానా వీధికి ప్రస్తుత ప్లాన్‌లో ప్రతిపాదిత రోడ్డు వెడల్పు ఎంత, ఆ గీత ఉన్న మ్యాప్ నకలు ఇవ్వండి' అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'మా వీధి గురించి వివరాలు ఇవ్వండి' అని గాలిగా రాస్తే గాలి జవాబే వస్తుంది. దాంతో పాటు ఊరి డ్రైనేజీ మ్యాప్, చెరువుల జాబితా కూడా అడగండి.

ఇంకొకటి, మేడ వేసేటప్పుడు గాలి లెక్క మర్చిపోకండి. మన తీరానికి ఇంజినీర్లు తీసుకునే మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015లో ఈ గాలి లెక్కల కోడ్‌ని సవరించినప్పుడు తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఉన్న చోట్లకి తుఫాను కోసం అదనపు గుణకం కూడా పెట్టారు. గోపాల్‌పూర్ మనకి 15, 16 కిలోమీటర్లే. పాత ఉమ్మడి గోడ మీద కొత్త స్లాబు వేసే ముందు ఆ గోడ మోస్తుందో లేదో చూపించుకోండి, పక్కింటివాళ్ల ప్రాణం కూడా దాని మీదే ఉంటుంది.

ఇచ్ఛాపురం_రోజూ:

నేను ఒడిశా మనిషిని కాను, ఇచ్ఛాపురం. కానీ వారానికి ఆరు రోజులు బరంపురంలోనే ఉంటాను కాబట్టి నాకూ మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

ఈ ప్లాన్లలో నాకు అర్థం కాని విషయం ఒకటుంది. ఊరి ప్లాన్ అథారిటీ హద్దు దగ్గర ఆగుతుంది, ఇంకా కొంచెం ముందుకెళ్తే రాష్ట్రం హద్దు. కానీ జనం ఆగరు కదా! ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లకి పెళ్లి బట్టలంటే బరంపురం, పెద్ద జబ్బు చేస్తే బరంపురం మెడికల్, కాలేజీ సీటంటే బరంపురం. మాకు పాతిక కిలోమీటర్లు. శ్రీకాకుళం మాకు వందకు పైనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, బరంపురం ఉన్న గంజాం మద్రాసు నుంచి విడిపోయింది. తొంభై ఏళ్లు అవుతున్నా మా సంత, మా ఆస్పత్రి, మా చుట్టరికాలు మాత్రం విడిపోలేదు. మరి బస్సుల లెక్కలు వేసేటప్పుడు మమ్మల్ని ఎవరు లెక్కపెడుతున్నారు? 2011 జనాభా లెక్కల్లో బరంపురం 3 లక్షల 56 వేలు. అది రాత్రి పడుకునే జనం. పగలు ఊళ్లో తిరిగే జనం వేరు. బస్సులైనా, మరుగుదొడ్లయినా, పార్కింగ్ అయినా పగటి లెక్క మీద వేయాలి.

నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పాసింజర్ దొరికితే పాసింజర్, లేకపోతే బస్సు. స్టేషన్‌లో దిగాక మళ్లీ షేర్ ఆటో, అది నిండేదాకా కదలదు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం రావడానికి పట్టినంత సేపు ఒక్కోసారి స్టేషన్ నుంచి దుకాణానికి పడుతుంది. సాయంత్రం ఏడు దాటితే తిరుగు దారి ఇంకా కష్టం. నాతో పని చేసే ఇద్దరు ఆడపిల్లలు ఈ ఒక్క కారణంతోనే మానేశారు. జీతం తక్కువై కాదు, ఇంటికి వెళ్లే దారి లేక.

భువనేశ్వర్‌లో 2018 నవంబర్‌లో మో బస్ అనే సిటీ బస్సులు మొదలుపెట్టినప్పుడు మా బావమరిది అక్కడే చదువుతున్నాడు. వాడు మెచ్చుకున్నది కొత్త బస్సుని కాదు, ఫోన్‌లో బస్సు ఎక్కడుందో కనపడటాన్ని, టైముకి రావడాన్ని. ఇంత ఖాయంగా వస్తుందని తెలిస్తే జనం ఆగుతారు. గంటకొకటి, అది కూడా వస్తే వస్తుంది అంటే ఎవరూ ఆగరు, అప్పుడు 'ఈ రూట్లో జనం ఎక్కడం లేదు' అని ఆ ఒక్కటీ తీసేస్తారు. అందుకని మగ్గం_ఇల్లు గారూ, మీ అర్జీలో 'బస్సులు కావాలి' అని రాయకండి. స్టేషన్, పాత బస్టాండ్, మెడికల్, కొత్త బస్టాండ్ కలుపుతూ పొద్దున్న 6 నుంచి రాత్రి 10 దాకా పది పదిహేను నిమిషాలకొకటి కావాలి అని రాయండి. రాత్రి డ్యూటీ మారే టైముకి ఒకటి ఖచ్చితంగా. 2023లో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ ప్రకటించింది, 10,000 ఎలక్ట్రిక్ బస్సులు, 3 లక్షల జనాభా దాటిన ఊళ్ల కోసం. మన ఊరు ఆ లెక్కలోకి వస్తుంది. కానీ ఎలక్ట్రిక్ బస్సుకి డిపో స్థలం కావాలి, ఛార్జింగ్‌కి పెద్ద కరెంటు లైను కావాలి. ఆ స్థలం ఇప్పుడు ప్లాన్‌లో గీసి పెట్టకపోతే రేపు ఎక్కడో ఊరి బయట చవగ్గా దొరికిన చోట పెడతారు, బస్సు సగం ఛార్జింగ్ ఖాళీగా వచ్చి పోవడానికే అయిపోతుంది.

కోర్టుపేట_షాపు:

పైన అందరూ చెప్పింది చదివాను. ఒక మాట గట్టిగా చెప్పాలి, తప్పుగా అనుకోకండి. వీధి వెడల్పు చెయ్యొద్దు అని పూర్తిగా పట్టుబట్టడం సరికాదు. మా బంధువుల ఇంట్లో నాలుగేళ్ల క్రితం నిప్పంటుకుంది, ఇలాంటి ఇరుకు వీధిలోనే. ఫైరింజన్ మొగదలలో ఆగిపోయింది. బిందెలతో ఆర్పారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది దేవుడి దయ. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర, అంటే ఊరి అమ్మవారి జాతర వస్తే ఊరు ఊరంతా ఆ వీధుల్లోనే ఉంటుంది, ఆ తొక్కిడిలో ఒక మనిషికి గుండె నొప్పి వస్తే అంబులెన్స్ ఎలా వస్తుంది? పాత ఊరు అని ప్రేమ ఉండొచ్చు. ప్రాణం సంగతి కూడా చూడాలి.

వ్యాపారం చేసేవాడిగా కూడా చెప్తున్నాను, బండి పెట్టుకునే చోటు లేక మా దగ్గరికి కొనేవాళ్లు రావడం తగ్గింది.

మగ్గం_ఇల్లు:

కోర్టుపేట గారూ, తప్పుగా ఏమీ అనుకోలేదు. నిప్పు సంగతి మీరు చెప్పాక మా వీధిలో అదే మాట్లాడుకున్నాం, మా దగ్గర పట్టు, నూలు, రంగులు అన్నీ అంటుకునేవే. కానీ లెక్క చూడండి. మాది 11 అడుగుల ముఖం ఉన్న ఇల్లు. రెండు వైపులా పది పది అడుగులు కొడితే ప్రతి ఇంట్లోనూ పోయేది ముందు గది, అంటే మగ్గం గది. ఇల్లు మిగులుతుంది, బతుకు పోతుంది. బదులుగా టీడీఆర్ కాగితం ఇస్తారట, ఇంకోచోట అదనపు అంతస్తు కట్టుకునే హక్కు. ఇంకో చోటు ఉన్నవాడికి, లేదా దాన్ని కొనే బిల్డరు తెలిసినవాడికి అది డబ్బు. మా నాన్నకి అది ఏం కాగితం?

పాత_ఓవర్సీర్:

ఇద్దరూ చెప్పేది నిజమే. దీనికి దారి ఉంది. ప్రతి వీధినీ వెడల్పు చేయకుండా, నాలుగైదు వీధులకి ఒక దారి చొప్పున ఫైరింజన్ పట్టే దారిగా గుర్తించి దాని మీద పార్కింగూ అరుగుల ఆక్రమణలూ లేకుండా చూడటం, ఇరుకు వీధుల మొగదల నీటి హైడ్రంట్లు, అంటే ఫైర్ పైపు తగిలించే నీటి పాయింట్లు పెట్టి అక్కడి నుంచి పైపు వెయ్యడం, చిన్న ఫైర్ బండ్లు తెప్పించడం. ఇవి ఇల్లు కూల్చకుండా అయ్యే పనులు. బండి పెట్టుకునే చోటు అంటారా, అది పాత ఊరి అంచున ఒక చోట ఇచ్చి లోపలికి నడిచి వెళ్లేలా చేస్తే షాపులకి మంచిదే, జనం నడిచే వీధిలోనే కదా బేరం నిలుస్తుంది. నడవాలంటే ఫుట్‌పాత్ ఉండాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో నడిచేవాళ్లకి కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలన్నారు. బొడొ బజార్‌లో ఒకసారి టేపు పెట్టి కొలిచి ఫోటో తీసి అర్జీకి జత చెయ్యండి. కొలత ఉన్న అర్జీని పక్కన పెట్టడం కష్టం.

పర్లా_టీచర్:

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను, మా అక్క బరంపురంలో ఉంటుంది. భాష గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ మనిషైనా తన బాధ గురించి ప్రభుత్వ అధికారికి ఇచ్చే అర్జీని, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. కాబట్టి తెలుగులో ఇవ్వడానికి భయపడక్కర్లేదు. కానీ పని జరగాలి కదా, అందుకే నా సలహా రెండు భాషల్లో ఇవ్వమని. తెలుగు ప్రతి మీద మీ పెద్దలు చదువుకుని సంతకం పెడతారు, ఒడియా ప్రతి అధికారి చదువుతాడు. ఏం రాశారో తెలియకుండా సంతకం పెట్టించకండి. మా ఊళ్లో ఒకసారి అలా అయ్యింది, తరవాత సగం మంది 'మేం ఇది అడగలేదు' అన్నారు. ముసాయిదా వచ్చినప్పుడు దాని సారాంశం తెలుగులో కూడా ఒక నాలుగు పేజీలు వార్డులో అంటించమని అడగండి, ఇందులో గొంతెమ్మ కోరిక ఏమీ లేదు. వార్డు కమిటీల గురించి కూడా అడగండి. 3 లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోనే, 243ఎస్‌లో ఉంది. మీ అర్జీ ఆ కమిటీలో చర్చకి పెట్టమని రాయండి.

ఎండ గురించి. 1998లో ఒడిశాలో వడదెబ్బకి 2,042 మంది చనిపోయారు. అప్పటి నుంచే మన రాష్ట్రంలో బడి టైములు మార్చడం, చలివేంద్రాలు, ఆస్పత్రుల్లో ఏర్పాట్లు మొదలయ్యాయి. అవన్నీ ఆ రెండు నెలల పనులు. ఊరి ప్లాన్‌లో చెయ్యాల్సింది వేరే. ఏ వీధిలో చెట్లు లేవు, ఏ వాడలో రేకుల ఇళ్లు ఎక్కువ, ఎక్కడ రాత్రి కూడా వేడి దిగదు అని మ్యాప్ వెయ్యాలి, అక్కడ ముందు పని చెయ్యాలి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, ఎండని తిప్పికొట్టే తెల్ల పూత లాంటివి. మీ అమ్మగారి రేకుల మీద ఈ వేసవి ముందే సున్నం పూయించండి, ప్లాన్ కోసం ఆగకండి. మా బడిలో రెండు గదులకి పూయించాం, పిల్లలు ఆ గదుల్లోనే కూర్చుంటామంటున్నారు.

మనకి అక్టోబర్ అంటే దసరా, దాని వెంట తుఫాను భయం. 1999లో పెను తుఫానుకి పది పన్నెండు రోజుల ముందే ఇంకో తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి గంజాంని ఊపేసింది, బయటి వాళ్లకి అది గుర్తే లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, అదీ గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి కొండల్లో కుంభవృష్టి, కొండచరియలు. ఫైలిన్‌కి లక్షల మందిని ముందే తరలించారు, అందుకే ప్రాణనష్టం అంత తక్కువ. ప్రాణాలు కాపాడటం మనకి వచ్చింది. ఇళ్లు కాపాడుకోవడం ఇంకా రాలేదు. అక్క వాళ్లింట్లో రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, నీళ్లు లేవు. ఊరి నీళ్లు ఋషికుల్యా నది నుంచి ఎత్తిపోసి తెచ్చుకునేవి కదా. తుఫాను తరవాత మూడు రోజులు తాగునీటికి ఏ వార్డులో ఏ బావి, ఏ చేతిపంపు పనికొస్తుందో ప్లాన్‌లో ఉండాలి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది, ఆ మూడు రోజులు గడిపినవాళ్లని అడగండి.

సూరత్_నుంచి:

అన్నా, నేను హింజిలి వైపు వాడిని, మా అమ్మ వాళ్లు తెలుగు. తొమ్మిదేళ్లుగా సూరత్‌లో పవర్‌లూమ్. మీ తమ్ముడిలాగే. ఈ థ్రెడ్ ఒక ఫ్రెండ్ పంపాడు.

గంజాం నుంచి ఇక్కడ ఎంతమంది ఉన్నామో మీకు తెలుసు, ఊళ్లల్లో కొత్త ఇళ్లలో చాలావరకు మా డబ్బుతోనే లేచినవి. కానీ ప్లాన్ గురించి మీటింగ్ పెడితే మేం ఉండం. సెలవు దొరికేది ఏడాదికి ఒకసారి, ఠాకురాణి యాత్రకో పెళ్లికో. మీటింగ్ అప్పుడు పెట్టమనండి, లేదా ఫోన్‌లో పంపే అవకాశం ఇవ్వమనండి.

ఇంకో విషయం. తిరిగి వచ్చి బరంపురంలో పని చేద్దామంటే అద్దె గది దొరకదు. దొరికినా స్టేషన్‌కి దూరం. అందరూ ఇల్లు కట్టించడం గురించే మాట్లాడతారు, అద్దెకి ఉండేవాడి గురించి ఎవరూ మాట్లాడరు. 2024 నుంచి నడుస్తున్న పీఎం ఆవాస్ రెండో విడత పట్టణ పథకంలో అద్దె ఇళ్ల భాగం కూడా ఉంది. బస్సు తిరిగే రోడ్డు పక్కన అలాంటివి కట్టాలి. ఊరి బయట పొలాల్లో కట్టి ఇస్తే మళ్లీ బండి కొనాలి, ఆ పెట్రోలు ఖర్చు అద్దెకి సమానం. ఇక్కడ నేను చూశాను, పనికి దూరంగా ఇచ్చిన ఇళ్లు తాళాలు వేసి ఉంటాయి, మనుషులు మాత్రం మిల్లు పక్క గదిలో పన్నెండు మంది పడుకుంటారు.

ఇచ్ఛాపురం_రోజూ:

సూరత్ తమ్ముడు చెప్పినదే అసలు పాయింట్. ఇల్లూ బస్సూ ఒకే అర్జీలో ఉండాలి.

పాత_ఓవర్సీర్:

అవును, వాన నీళ్లు కూడా. మగ్గం_ఇల్లు బాబూ, మీ వీధిలో నీళ్లు నిలిచేది మీ కాలువ చిన్నదై మాత్రమే కాకపోవచ్చు. పాత రోజుల్లో ఒక చెరువు నిండితే ఆ నీళ్లు ఇంకో చెరువులోకి పోయేవి. వాటి మధ్య దారి మీద ఇళ్లు లేచాక నీళ్లకి మీ వీధే కాలువ అయింది. రామలింగం చెరువులాంటి పేరున్న వాటిని అందరూ చూస్తారు, పేరు లేని చిన్న బంధలు, అంటే కుంటలు, రాత్రికి రాత్రి పూడిపోతాయి. అందుకే చెరువుల జాబితా అడగమన్నాను. భూమి రికార్డుల్లో జలాశయం అని ఉన్న ప్రతిదాన్నీ ప్లాన్ మ్యాప్‌లో నీలి గీతతో, చుట్టూ కట్టడం లేని పట్టీతో చూపించమనండి. అక్కడ ఇప్పటికే పేదవాళ్ల గుడిసెలు ఉంటే వాళ్లని తోసెయ్యమని మాత్రం రాయకండి. 2017లో మన రాష్ట్రం మురికివాడల వాళ్లకి భూమి హక్కు ఇచ్చే చట్టం తెచ్చింది, హక్కు పత్రం భార్యాభర్తల ఇద్దరి పేరునా ఇస్తారు, ఇంటి లోన్‌కి తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మడానికి వీల్లేదు. నీటి దారిలో ఉన్న పది ఇళ్లని ఆ దగ్గర్లోనే, అదే వార్డులో, అదే హక్కుతో మార్చమని రాయండి. మన కాలువ బాగుపడాలని వాళ్లని ఊరి బయటికి పంపడం న్యాయం కాదు.

కోర్టుపేట_షాపు:

హైడ్రంట్ల సంగతి నాకు నచ్చింది. వెడల్పు గురించి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను, కానీ మొగదలలు మాత్రం ఖాళీ చేయించాలి, అందులో మా షాపుల మెట్లు కూడా ఉన్నాయి. మా లైనులో నలుగురితో మాట్లాడతాను. మెట్లు వెనక్కి తీసుకుంటామని మేమే రాసిస్తే మీ అర్జీకి బలం వస్తుందా?

మగ్గం_ఇల్లు:

వస్తుంది అండీ, చాలా వస్తుంది. అందరికీ దండాలు, ఇంత చెప్తారని అనుకోలేదు.

ఒకే అర్జీగా రాస్తున్నాను. ఇప్పటికి ఇలా అనుకున్నాం. పాత ఊరికి విడి నిబంధనలు, ఉమ్మడి గోడకీ మధ్య మండువాకీ వాటిలో చోటు. ఇంట్లో మగ్గం అనుమతి ఉన్న పని అని అక్షరాలా రాయాలి. రోడ్డు గీత ఎంతో చెప్పాలి, లేదంటే లేదని రాతపూర్వకంగా చెప్పాలి. వీధి మొగదల నీటి పాయింట్. స్టేషన్ నుంచి మెడికల్ దాకా పదిహేను నిమిషాలకొక బస్సు, రాత్రి డ్యూటీ మారే టైముకి ఒకటి, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లని కలిపి లెక్క. బస్సు దారి పక్కన అద్దె ఇళ్లు. చెరువుల మధ్య నీటి దారి. తుఫాను తరవాత మూడు రోజుల నీళ్లు. ఎండ మ్యాప్.

సమాచార హక్కు దరఖాస్తు రేపే వేస్తున్నాను. బొడొ బజార్‌లో టేపు పెట్టి కొలవడానికి మా మేనల్లుడు, వాడి స్నేహితులు శనివారం పొద్దున్న ఆరింటికి, షాపులు తెరవకముందే వెళ్తారు, తెరిచాక పదింటికి మళ్లీ కొలుస్తారు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడతాం.

అమ్మ గది మీద సున్నం కూడా ఆ రోజే. నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు, మగ్గం అన్న మాటకి ఆఫీసు ఒడియాలో ఏమంటారు, తంత అని రాస్తే సరిపోతుందా, నేత పని మొత్తం అందులోకి వస్తుందా అని. ఒడియా బాగా రాసేవాళ్లు ఒకరు కావాలి. శనివారం సాయంత్రం మా అరుగు మీద కూర్చుంటాం, ఎవరైనా రాగలరా?

పర్లా_టీచర్:

మా అక్క కూతురు ఒడియా మీడియంలోనే చదివింది, ఆఫీసు భాష బాగా వచ్చు. ఇంట్లో తెలుగే కాబట్టి మీ నాన్నగారితో మాట్లాడి ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. నాలుగింటికి పంపిస్తాను. మెసేజ్‌లో వీధి గుర్తు చెప్పండి, ఇక్కడ రాయొద్దు.